క్వే సోదరుల ‘ఫాంటమ్ మ్యూజియం’ – పాత వస్తువులు పోగుచేసేవాళ్లకి ఎందుకంత మోజు? ఏ డిస్కు కొనాలి?

పాతసీసాలు_బెజవాడ:

నా దగ్గరున్నవి పాత మందుసీసాలు, ఎనామిల్ ట్రేలు, ఇత్తడి సిరంజిలు, మందులు తూచే చిన్న త్రాసులు. ఇలాంటివి పోగుచేసేవాళ్ల మధ్య క్వే సోదరుల (వస్తువుల్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫోటో తీసి కలిపే స్టాప్ మోషన్ చిత్రాలకి పేరున్నవాళ్లు) ‘ఫాంటమ్ మ్యూజియం’ పేరు తరచూ వినబడుతుంది. ప్రయోగాత్మక చిత్రమని, లండన్లో ఒక మందుల వ్యాపారి సేకరణ మీద తీశారని మాత్రం తెలుసు. మూడు సందేహాలున్నాయి, తెలిసినవాళ్లు చెప్పండి.

అందులో అసలేముంది? వస్తువులు పోగుచేసేవాళ్లు దాన్ని అంతగా వెంటాడటం ఎందుకు? రెండోది, డిస్కు తెప్పిస్తే ఇక్కడి ప్లేయర్లో ఆడుతుందా? ఇంగ్లండుది తీసుకోవాలా, అమెరికాదా? మూడోది, ఆ పద్ధతిలో నా బీరువాని ఒక్క నిమిషం పాటు తీయాలంటే ఏం కావాలి? ఉన్నవి ఒక మంచి ఫోను, ఒక పాత డీఎస్ఎల్ఆర్.

రీలుపెట్టె:

మొదటి ప్రశ్నకి నేను చెప్తానండీ.

కథా చిత్రం కాదు. డాక్యుమెంటరీ అందామంటే అదీ కాదు. 2003లో హెన్రీ వెల్‌కమ్ సేకరణ మీద లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శన కోసం తీసిన సుమారు 12 నిమిషాల చిత్రం. వ్యాఖ్యానం ఉండదు. గోదాము నడవాలు, మెట్లు, సొరుగులు, అరలు, వాటి మధ్య ఎవరో వెతుకుతున్నట్టు కెమెరా తిరగడం, మధ్యలో వస్తువులు వాటంతటవే కదలడం. సంగీతం గ్యారీ టార్న్.

వెల్‌కమ్ (1853–1936) అమెరికాలో పుట్టి, 1880లో లండన్లో సైలస్ బరోస్‌తో కలిసి మందుల కంపెనీ పెట్టినవాడు. మందులకీ ఒంటికీ సంబంధించినదేదైనా కొన్నాడు. తన పేరు తెలిస్తే ధర పెరుగుతుందని వేలంపాటల్లో మారుపేర్లతో, మనుషుల్ని పంపి కొనిపించేవాడు. ఇండియాలో ఆయన తరఫున పైరా మల్ అనే డాక్టరు ఏళ్ల తరబడి తిరిగి తాళపత్రాలూ రాతప్రతులూ సేకరించి పంపాడు. చివరికి లెక్క 10 లక్షల వస్తువులు దాటింది. చాలా పెట్టెలు ఆయన బతికుండగా విప్పనేలేదు. పోయాక పంచిపెట్టడానికి దశాబ్దాలు పట్టింది. వైద్యానికి సంబంధించిన లక్షకు పైగా వస్తువులు 1970ల చివర్లో లండన్ సైన్స్ మ్యూజియం చేతికి వచ్చాయి. సినిమా ఆ గోదాముల గురించే.

ఇక మోజు సంగతి. గాజు పెట్టెలో పెట్టిన వస్తువుకి ముందువైపు ఒక్కటే ఉంటుంది. పోగుచేసేవాడికి కావలసినవి వేరు. అడుగున కొట్టిన గుర్తు, మూత తిప్పితే తగిలే బిగువు, కీలు దగ్గర అరుగుదల, గూట్లో వస్తువు తీశాక మిగిలే ఖాళీ ఆకారం. ఈ చిత్రం వస్తువుల్ని ఆ దగ్గరితనంతో చూపిస్తుంది, పైగా పేరు చెప్పదు. చీటీ లేని వస్తువుని చూసి ‘ఇదేమై ఉంటుంది’ అని ఊహించడమే మన పనిలో సగం కదా!

ఒక్క ఉదాహరణ. అందులో ఏనుగు దంతంతో చెక్కిన శరీరనిర్మాణ బొమ్మలున్నాయి. ఇవి 17, 18 శతాబ్దాల నాటివి, ఎక్కువగా జర్మనీవి. న్యూరెంబర్గ్‌లో స్టెఫాన్ జిక్ అనే చెక్కుడు పనివాడి పేరు వీటికి బాగా ముడిపడి ఉంది. జానెడు లోపే పొడవు, వెల్లకిలా పడుకున్న ఆడమనిషి. చేతులు భుజం దగ్గర కదులుతాయి. పొట్ట మీది పలక మూతలా పైకి వస్తుంది, కింద గింజంత గింజంత పేగులు, గుండె, కాలేయం. కొన్నిటిలో గర్భంలో చిన్న శిశువు, బొడ్డుతాడుకి బదులు ఎర్రదారం. చదువు చెప్పడానికి చేశారని రాస్తుంటారు గానీ, అవయవాలు అంత మొరటుగా ఉంటే వైద్యవిద్యార్థికి పనికొచ్చేదేం ఉండదు. డాక్టర్లు తమ గదిలో పెట్టుకుని వచ్చినవాళ్లకి చూపించుకునే ముచ్చట వస్తువులివి అనడమే సబబు. అంటే అవీ పుట్టుకతోనే సేకరణ సరుకు.

ఇదొక్కటే చూసి ఆగకండి. అదే సోదరులు 2011లో ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ అనే వైద్య మ్యూజియం మీద తీసిన ‘త్రూ ద వీపింగ్ గ్లాస్’ 31 నిమిషాలు, డెరెక్ జాకోబి గొంతుతో వ్యాఖ్యానం ఉంది. వాళ్లు పుట్టి పెరిగింది ఆ ఊరి పక్కన నోరిస్‌టౌన్‌లోనే అయినా, అమెరికాలో తీసిన మొదటి చిత్రం అది. ఆ మ్యూజియంలో హిర్ట్ల్ అనే వియన్నా వైద్యుడు పోగుచేసిన 139 పుర్రెలున్నాయి, పుర్రె మీదే పేరూ ఊరూ ఎలా చనిపోయారన్నదీ రాసి మరీ. షెవాలియే జాక్సన్ అనే డాక్టరు రోగుల గొంతుల్లోంచీ ఊపిరితిత్తుల్లోంచీ తీసిన 2,374 వస్తువులు (పిన్నీసులు, గుండీలు, నాణేలు) సొరుగుల్లో వరసగా అమర్చి ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లకి ముందు ఇదే మంచిది, ‘ఫాంటమ్’కి ఓపిక కావాలి.

ఇంకొకటి చెక్ దర్శకుడు స్వాంక్‌మాయెర్ 1970లో తీసిన ‘కోస్త్‌నిట్సే’, 10 నిమిషాలు. కుట్నా హోరా ఊరి శివారు సెడ్లెట్స్‌లో మనుషుల ఎముకలతో అలంకరించిన చర్చి ఉంది కదా, దాని మీద. 1870లో ఫ్రాంతిషెక్ రింట్ అనే వడ్రంగి ఆ ఎముకలు పేర్చి, తన సంతకం కూడా ఎముకలతోనే పెట్టాడు. ఈ చిత్రానికి రెండు సౌండ్‌ట్రాకులున్నాయి. మొదటిది అక్కడి గైడు వ్యాఖ్యానం, ముట్టుకుంటే జరిమానా అని బెదిరింపులతో సహా. అప్పటి ప్రభుత్వం దానికి ఒప్పుకోకపోతే జాజ్ సంగీతంతో ఒక పాట పెట్టారు. గైడు గొంతు ఉన్నదాన్నే వెతికి చూడండి, అసలు హాస్యమంతా అందులో ఉంది. అమ్మేవాళ్లు ఏ ట్రాకో చెప్పకుండా అమ్ముతారు, అడిగి కొనండి.

డిస్కుల_అర:

రెండో ప్రశ్న నాది.

ముందు రీజియన్ (ఏ దేశపు డిస్కు ఏ ప్లేయర్లో ఆడాలో కట్టడి చేసే గుర్తు) గోల తేల్చుకోండి. డీవీడీలకి ఇండియా రీజియన్ 5, బ్లూరేలకి రీజియన్ సి. ఇంగ్లండు డీవీడీ 2, బ్లూరే బి. అమెరికా డీవీడీ 1, బ్లూరే ఎ. అంటే రెండు దేశాల సరుకూ లెక్క ప్రకారం మన ప్లేయర్లో ఆడకూడదు. డీవీడీ విషయంలో భయం లేదు, ఇక్కడ అమ్మిన చాలా ప్లేయర్లు అన్ని రీజియన్లూ ఆడిస్తాయి. బ్లూరే అలా కాదు. మామూలు ప్లేయర్ రిమోటు నొక్కి డీవీడీ రీజియన్ తెరిచినా బ్లూరే రీజియన్ తెరుచుకోదు, దానికి వేరే మార్పు చేసిన ప్లేయరే కొనాలి. ‘మల్టీ రీజియన్’ అని రాసి అమ్మేవాటిలో ఎక్కువ డీవీడీకి మాత్రమే. అమ్మేవాణ్ణి ‘బ్లూరే ఎ, బి, సి మూడూ ఆడతాయా’ అని రాతలో అడిగి జవాబు దాచుకోండి.

కంప్యూటర్లో ఆడిద్దామనుకుంటే, డీవీడీ డ్రైవు రీజియన్ 5 సార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిదాని మీద బిగుసుకుపోతుంది. బ్లూరేకి రీజియన్ చూసేది డ్రైవు కాదు, ఆడించే సాఫ్ట్‌వేర్. వీఎల్‌సీ (ఉచితంగా దొరికే వీడియో ప్లేయర్) వేసుకుంటే చాలనుకోకండి, నకలు తీయకుండా తాళం వేసిన బ్లూరేని అది ఉన్నపళంగా తెరవలేదు.

ఇప్పుడు సెట్లు. ఇంగ్లండు బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లది 2006లో రెండు డీవీడీల సెట్, 1979 నుంచి 2003 దాకా పొట్టి చిత్రాలు. 2007లో అమెరికా జైట్‌గైస్ట్ అనే పంపిణీ సంస్థ వాళ్ల డీవీడీ సెట్ పేరే ‘ఫాంటమ్ మ్యూజియమ్స్’. ఈ రెంటిలో ‘వీపింగ్ గ్లాస్’ వెతకొద్దు, అది అప్పటికి పుట్టలేదు. 2015లో జైట్‌గైస్ట్ బ్లూరే, 2016లో బీఎఫ్ఐ ‘ఇన్నర్ సాంక్టమ్స్’ బ్లూరే వచ్చాయి. అమెరికా దాంట్లో క్రిస్టఫర్ నోలన్ ఆ సోదరుల స్టూడియోలో తీసిన 8 నిమిషాల ‘క్వే’ కూడా ఉంది. మీకు పాత డీవీడీ ప్లేయరే ఉంటే 2006ది చాలు. ప్రొజెక్టర్ మీదో పెద్ద టీవీ మీదో చూసేటట్టయితే బ్లూరేకే వెళ్లండి. ఈ చిత్రాల్లో సగం చీకటి, సగం దుమ్ము. డీవీడీలో చీకటంతా ముద్దగా, గళ్లుగళ్లుగా విడిపోతుంది.

పాల్ (ఇంగ్లండు, ఇండియాల టీవీ పద్ధతి) డీవీడీతో ఇంకో తిరకాసు ఉంది. 24 ఫ్రేముల చొప్పున తీసిన చిత్రాన్ని 25 చొప్పున ఆడిస్తే 4 శాతం వేగం పెరుగుతుంది. 12 నిమిషాల్లో అర నిమిషం దాకా తగ్గిపోతుంది, సంగీతం శ్రుతి కాస్త పైకెళ్తుంది. చాలామందికి తెలియదు, సంగీతం తెలిసినవాళ్లకి చెవిలో గుచ్చుతుంది.

పాత సెట్ కొనేటప్పుడు బుక్‌లెట్ ఉందా అని అడగండి, అది లేకపోతే మళ్లీ అమ్మేటప్పుడు విలువ ఉండదు. డిస్కుని దీపానికి అడ్డం పెట్టి చూడండి. అంచు నుంచి లోపలికి మచ్చ పాకుతున్నట్టు కనిపిస్తే వద్దు. బ్లూరేలో సమాచారం ఉన్న పొర పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. అందుకే బ్లూరేకి గీతలు పడని గట్టి పూత వేస్తారు. ఆ పూత ఉందని పేస్టు పెట్టి రుద్దే పాత చిట్కాలు దానిమీద ప్రయోగించకండి. తుడిస్తే మధ్యనుంచి అంచుకి నిలువుగా, గుండ్రంగా ఎప్పుడూ వద్దు. బెజవాడ ఉక్కకి డిస్కు కంటే ముందు బుక్‌లెట్ బూజు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, నీలం రంగు గులాబీ అయినప్పుడల్లా ఆరబెట్టండి.

పాతసీసాలు_బెజవాడ:

ధన్యవాదాలండీ. డీవీడీ ప్లేయర్ ఉంది, 2006 సెట్ కోసమే చూస్తాను. షూటింగ్ సంగతి ఎవరైనా?

ఫ్రేముకి_ఫ్రేము:

ఒక నిమిషం అన్నారు కాబట్టి లెక్క ముందే వేసుకోండి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫోటోని రెండు ఫ్రేములు నిలబెడితే సెకనుకి 12 ఫోటోలు, నిమిషానికి 720. అందులో మూడో వంతు వస్తువు కదలకుండా ఉండే షాట్లు పెట్టుకుంటే పని తగ్గుతుంది. ఆ సోదరుల చిత్రాల్లోనూ అన్నీ కదలవు; చాలాసార్లు కదిలేది కెమెరా, లేదా ఫోకస్ మాత్రమే.

మొదటి షాట్‌గా సొరుగు తెరవడం పెట్టుకోండి. 30 సెంటీమీటర్లు, రెండు సెకన్లు, 24 కదలికలు. ప్రతిసారీ సమానంగా లాగితే మోటారు పెట్టినట్టుంటుంది. మొదటి ఆరు కదలికలు 2, 4, 6, 9, 12, 15 మిల్లీమీటర్లు, నడిమి పన్నెండు 17 చొప్పున, చివరి ఆరు మొదటివే వెనక్కి. కూడితే సరిగ్గా 300. సొరుగు పక్కన కెమెరాకి కనబడని వైపు స్కేలు అంటించుకుంటే ఊహించక్కర్లేదు.

ఆ చిత్రాల్లో సన్నటి ఫోకస్ చూసే ఉంటారు, ముందున్న అంచు ఒక్కటే స్పష్టం, మిగతాదంతా పొగ. అది మాక్రో లెన్స్ పని. వస్తువంత సైజు బొమ్మ సెన్సార్ మీద పడేలా దగ్గరికెళ్తే ఎఫ్8 దగ్గర కూడా ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరు లోపే. మాక్రో లెన్స్ లేకపోతే కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చాలు.

చెడిపోయేది ఎక్కువగా వెలుతురు దగ్గరే. కిటికీలు పూర్తిగా మూయండి, ఎండ కదిలితే ఫోటో ఫోటోకీ నీడ మారుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ చేత్తో బిగించండి, ఫోనైనా సరే. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 లేదా ఇంకా నెమ్మదిగా పెట్టండి. స్టాండు మీదే ఉంటుంది కనుక అర సెకను పెట్టినా నష్టం లేదు. ఇంకో శత్రువు ఇంట్లోని ఫ్రిజ్. దాని మోటారు లేచినప్పుడల్లా బల్బు రవ్వంత తగ్గుతుంది, ఆడించినప్పుడు దడదడలాడుతుంది. పవర్ బ్యాంకు మీద నడిచే ఎల్ఈడీ ప్యానెల్ వాడితే ఆ బెడద లేదు.

డీఎస్ఎల్ఆర్‌లో ఇవన్నీ సరిచేసినా మిణుకు రావచ్చు. ప్రతి ఫోటోకీ లెన్స్ లోపలి రెక్కలు మూసుకునేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది, అదే కారణం. చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ అడాప్టర్‌తో తగిలిస్తే రెక్కలు కదలవు, మిణుకు పోతుంది. ఫోన్లలో చాలావాటికి అపర్చర్ మారదు కనుక ఈ సమస్యే లేదు.

మీవి గాజు సీసాలు కాబట్టి నల్ల చొక్కా వేసుకోండి. తెల్ల చొక్కాతో నొక్కితే సీసా పొట్ట మీద మీ ప్రతిబింబం ఫోటోకో చోట కనబడుతుంది. సీసాని వెనక నుంచి, పక్క నుంచి వెలిగించండి, ఎదురుగా వద్దు.

ఫోటోలు అతికించేటప్పుడు డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకి 24 ఫ్రేముల టైమ్‌లైన్ పెట్టి, క్లిప్పు వేగం 50 శాతం చేసి, రీటైమ్ ‘నియరెస్ట్’లో ఉంచండి. ‘ఆప్టికల్ ఫ్లో’ పెడితే మధ్య ఫ్రేములు అదే ఊహించి గీస్తుంది, సీసాలు బెల్లం పాకంలా సాగుతాయి. నిలబడని వస్తువుని బ్లూటాక్‌తో (పోస్టర్లు గోడకి అంటించే మెత్తటి ముద్ద) బల్లకి అతికించేయండి.

భద్రం_మెల్లగా:

అన్నా, చివరి మాట ఒప్పుకోను. బ్లూటాక్ నూనె దిగుతుంది. కాగితం లేబుల్, రాలిన ఎనామిల్, చెక్క మీద మచ్చ శాశ్వతం. మ్యూజియం వాక్స్ అని మైక్రోక్రిస్టలైన్ మైనం దొరుకుతుంది, మిరియం గింజంత మూడు చోట్ల చాలు. తీసేటప్పుడు లాగకుండా మెలితిప్పండి. లేబుల్ మీద మాత్రం అదీ వద్దు.

బెజవాడ గారూ, షూటింగ్‌కి ముందు మెరవాలని ఇత్తడి సిరంజిల్ని చింతపండు పెట్టి తోమకండి. ఆ పులుపు వందేళ్ల రంగుతో పాటు కంపెనీ ముద్రని కూడా తినేస్తుంది, సందుల్లో మిగిలిన తడి నెల తిరక్కుండా పచ్చగా చిలుము కడుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. లోహాన్ని నైట్రైల్ గ్లౌజులతో పట్టుకోండి. తెల్ల గుడ్డ గ్లౌజులతో గాజు పట్టుకుంటే జారుతుంది.

కాగితం లేబుళ్లకి మ్యూజియంలు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వవు. మీరు 500 లక్స్ కింద 10 గంటలు తీస్తే, ఆ లేబుల్ మ్యూజియంలో 100 గంటలు వెలుగు చూసినంత. ఫ్రేము సర్దేటప్పుడు దీపం ఆర్పడం అలవాటు చేసుకోండి, లేదా సర్దుకోవడానికి డమ్మీ సీసా పెట్టుకోండి.

ఇక మూత బిగిసిన సీసాలు. షాట్ బాగుంటుందని మూత తిప్పొద్దు. పిక్రిక్ ఆసిడ్ పాత ఆస్పత్రుల్లో కాలిన గాయాలకి వాడేవారు. పసుపు రంగు, తడిగా ఉన్నంతసేపు సరే, ఎండి మూత మరలో గింజకట్టిందంటే తిప్పిన రాపిడికే పేలగలదు. పాత ఈథర్ డబ్బాలూ అంతే, గాలి తగిలి ఏళ్లు గడిస్తే లోపల పెరాక్సైడ్లు తయారవుతాయి. అలాంటిది దొరికితే కదపకుండా అగ్నిమాపక శాఖకి ఫోన్ చేయండి. పాత బీపీ పరికరం ఉంటే గాజు గొట్టం దగ్గర చూడండి, అందులో 100 గ్రాముల దాకా పాదరసం ఉంటుంది. ఒలికితే చీపురు, వాక్యూమ్ క్లీనర్ ముట్టుకోకండి. బిందువులు ఇంకా చిన్నవై గదంతా పాకుతాయి. కిటికీలు తెరిచి, గట్టి అట్టముక్కతో ఒకచోటికి చేర్చి, మూత ఉన్న సీసాలోకి ఎత్తండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. రీలుపెట్టె గారు చెప్పిన దంతం బొమ్మల్లాంటివి ఎంత ముచ్చటేసినా కొనకండి, తెప్పించకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం, దిగుమతి రెండూ నేరమే, ‘పాతది’ అన్న మాట అక్కరకు రాదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువుని, రాతప్రతైతే 75 ఏళ్లకే, ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడానికి వీల్లేదు. విదేశీ కొనుగోలుదారుడు పార్సిల్ అడిగితే ఈ మాట గుర్తుంచుకోండి.

పాతసీసాలు_బెజవాడ:

మూత బిగిసిన సీసా ఒకటి ఉంది. పసుపు కాదు, గోధుమరంగు పొడి. లేబుల్ సగం పోయింది.

భద్రం_మెల్లగా:

అలాగే ఉంచండి, కదపకండి. గాజు బయటి నుంచే ఫోటో తీసి, లేబుల్లో మిగిలిన అక్షరాలూ, అడుగున అచ్చు గుర్తులూ ఉంటే అవీ రాసి ఇక్కడ పెట్టండి. అడుగు చూడటానికి తలకిందులు చేయొద్దు, గాజు బల్ల మీద ఉంటే కింద అద్దం పెట్టి చూడొచ్చు.

హైదరాబాదీ_నడక:

మధ్యలో వస్తున్నాను. ఇలా ఒక్క మనిషి పిచ్చితో నిండిన మ్యూజియం చూడాలంటే లండన్ దాకా ఎందుకు, సాలార్‌జంగ్ ఉంది కదా? మూడో సాలార్‌జంగ్ (1889–1949) సేకరణతో 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడిలోనే తెరిచారు, ఇప్పటి భవనానికి వచ్చింది 1968లో.

రీలుపెట్టె:

నిజమే, కానీ పోలిక కొంతవరకే. సాలార్‌జంగ్‌లో జనం గుంపుకట్టేది ముసుగు రెబెక్కా అనే పాలరాతి విగ్రహం ముందు, గంటకోసారి గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు. రెండూ చూపించడానికే చేసినవి, చూపులకి అలవాటుపడ్డవి. వెల్‌కమ్ సరుకులో ఎక్కువభాగం వాడి పారేయాల్సిన సామాను: రంపాలు, కృత్రిమ చేతులు, దంతాలు పీకే పటకార్లు. క్వే తరహా చిత్రానికి హైదరాబాదులో సరుకు కావాలంటే గ్యాలరీల కంటే ప్రదర్శనకి పెట్టని సరుకుండే రిజర్వు గదులు నయం, అనుమతి దొరికితే. బెజవాడ గారి బీరువా ఆ రెండో రకానిదే కాబట్టి ఆయన పని తేలిక. సొరుగు షాట్ పూర్తయితే 24 ఫోటోలూ ఇక్కడ పెట్టండి సార్, వేగం సరిగ్గా ఉందో లేదో ఫ్రేముకి_ఫ్రేము చూసి చెప్తారు.